దేశాలు తిరుగుతూ పనిచేసేవారికి ఏ ఆరోగ్య బీమా సరిపోతుంది?

ల్యాప్‌టాప్ పట్టుకుని దేశాలు తిరుగుతూ పనిచేసుకునేవాళ్లు ఆరోగ్య బీమా గురించి మాట్లాడుకుంటే మొదట వచ్చే ప్రశ్న "నెలకు ఎంత పడుతుంది?" అన్నదే. ఆ ప్రశ్న అవసరమే. కానీ దాంతో మొదలుపెడితే దారి తప్పుతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఇది: రేపు ఓ పెద్ద జబ్బు బయటపడి ఏడాదో రెండేళ్లో వైద్యం చేయించుకోవాల్సి వస్తే, ఏ దేశంలో ఉండి చేయించుకుంటారు? అక్కడ డబ్బు ఎవరు కడతారు? దీనికి జవాబు దొరికితే పాలసీ ఎంపిక సగం పూర్తయినట్టే.

కాలు విరగడం, డెంగీ, అపెండిసైటిస్ లాంటివి రోజుల్లోనో వారాల్లోనో తేలిపోతాయి. వీటి వరకు మార్కెట్లో ఉన్న చాలా పాలసీలు పనికొస్తాయి. క్యాన్సర్, కిడ్నీ జబ్బు, గుండె ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి వాడాల్సిన మందులు, ఇలాంటివి వచ్చినప్పుడే ఒక పాలసీకీ మరోదానికీ అసలు తేడా తెలుస్తుంది. ధరల పట్టికలో మాత్రం ఆ తేడా ఎక్కడా కనిపించదు.

ఒకే మాట కింద అమ్ముడుపోయే వేర్వేరు సరుకులు

ట్రావెల్ ఇన్సూరెన్స్ అంటే మొదలూ ముగింపూ ఉన్న ప్రయాణానికి తీసుకునేది. సామాను పోయినా, విమానం రద్దయినా, దారిలో ఒంట్లో బాగోకపోయినా ఆదుకుంటుంది. వైద్యం విషయంలో దాని ఉద్దేశం ఒక్కటే: అత్యవసర పరిస్థితి నుంచి గట్టెక్కించి, ప్రయాణం చేయగల స్థితికి రాగానే ఇంటికి పంపడం. చాలా పాలసీలు స్వదేశం వదలక ముందే కొనాలంటాయి, ఒక ప్రయాణానికి ఇన్ని రోజులని గీత గీస్తాయి. ఇల్లు ఖాళీ చేసి ఏళ్ల తరబడి బయటే ఉండేవారికి ఇది సరిపడదు. మూడు నాలుగు నెలలు వెళ్లి తిరిగొచ్చేసేవారికి మాత్రం ఇదే చవక, ఇదే తేలిక.

రెండోది నోమాడ్ ఇన్సూరెన్స్, అంటే ఒకచోట స్థిరపడకుండా దేశాలు తిరుగుతూ పనిచేసే నోమాడ్‌ల కోసం తయారైనది. ఈ రకానికి పేరు తెచ్చినవాటిలో సేఫ్టీవింగ్ ఒకటి. నాలుగు వారాలకోసారి డబ్బు కట్టుకుంటూ పోవచ్చు, ఇల్లు వదిలి వచ్చేశాక కూడా కొనుక్కోవచ్చు, వద్దనుకుంటే ఆపేయొచ్చు. దాని ప్రాథమిక పాలసీలో గరిష్ఠ పరిమితి 2.5 లక్షల డాలర్లు. తీరు ఆధునికంగా ఉన్నా ఈ ప్రాథమిక పాలసీలు పుట్టింది ట్రావెల్ ఇన్సూరెన్స్ కుటుంబంలోనే. అనుకోకుండా వచ్చిపడే కొత్త జబ్బులకూ ప్రమాదాలకూ ఉద్దేశించినవి. ఏటేటా చేయించుకునే పరీక్షలు, పాత జబ్బుల మందులు వీటి పరిధిలోకి రావు. అయితే అదే సేఫ్టీవింగ్ గానీ, జర్మనీలో మొదలైన గెంకీ గానీ ఇప్పుడు పూర్తిస్థాయి హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అమ్ముతున్నాయి. కాబట్టి పోల్చేటప్పుడు కంపెనీ పేరు పోల్చకండి, పాలసీ పేరు పోల్చండి. ఫలానా కంపెనీ బాగుందని ఎవరైనా చెబితే, "అందులో ఏ పాలసీ?" అని అడగడం మొదటి పని.

మూడోది అంతర్జాతీయ హెల్త్ ఇన్సూరెన్స్. సిగ్నా గ్లోబల్, అలియాంజ్ కేర్, బూపా గ్లోబల్, ఏప్రిల్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు అమ్మేది ఇదే. ఏడాది పాలసీ, ఏటా పొడిగింపు. చేరేటప్పుడు ఆరోగ్య చరిత్ర అడుగుతారు. దేశం మారినా పాలసీ వెంట వస్తుంది, ఏ ఆస్పత్రికి వెళ్లాలో చాలావరకు మీ ఇష్టం, క్యాన్సర్ లాంటి దీర్ఘకాల వైద్యం కూడా ఇందులో ఉంటుంది. ప్రీమియం నోమాడ్ పాలసీ కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఉండొచ్చు, వయసుతో పాటు పెరుగుతూ పోతుంది. కవరేజీ ప్రాంతంలో అమెరికాను చేర్చుకుంటే ఇంకా పెరుగుతుంది. అందుకే "అమెరికా మినహా ప్రపంచమంతా" అనే రకం ఎక్కువగా అమ్ముడుపోతుంది.

నాలుగోది, ఉంటున్న దేశంలోనే దొరికేది. అక్కడి ప్రైవేటు బీమా కావచ్చు, నివాస అనుమతి వచ్చాక దక్కే ప్రభుత్వ వైద్యం కావచ్చు. ఒకే చోట ఏడాదికి మించి ఉండేవారు ముందు చూడాల్సింది దీన్నే. కానీ తిరిగేవాళ్లలో ఎక్కువమంది దీన్ని అసలు పరిశీలించరు.

పెద్ద జబ్బు బయటపడితే ఏమవుతుంది?

ఓ ముప్ఫై ఏడేళ్ల డిజైనర్ కౌలాలంపూర్‌లో ఉంటూ పనిచేసుకుంటోందనుకుందాం. మెడ దగ్గర చిన్న గడ్డ తగిలింది. డాక్టరు అల్ట్రాసౌండ్ చేయించి, సూదితో నమూనా తీయించాడు. థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. మంచి వైద్యం ఉన్న జబ్బే. ఆపరేషన్ చేయాలి, అవసరాన్ని బట్టి రేడియో అయోడిన్ ఇవ్వాలి, థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేస్తే రోజూ థైరాక్సిన్ మాత్ర జీవితాంతం వాడాలి, ఏళ్ల తరబడి రక్తపరీక్షలూ స్కానింగులూ తప్పవు.

ఆమె దగ్గర ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే బీమా సంస్థ నుంచి వచ్చే జవాబు దాదాపుగా ఇలా ఉంటుంది: ఇది అత్యవసరం కాదు, మీరు విమానం ఎక్కగలరు, మీ దేశం వెళ్లి చేయించుకోండి. పాలసీ పత్రం ప్రకారం అది తప్పు కూడా కాదు. నోమాడ్ ప్రాథమిక పాలసీ అయితే రెండు రకాలుగా ఉండొచ్చు. కొన్నింటిలో క్యాన్సర్ చికిత్స మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. కొన్నింటిలో మొదటి చికిత్స వరకు, లేదా ఆ పాలసీ గడువు ముగిసేవరకు ఇస్తారు. గడువు అయిపోయి కొత్త పాలసీ మొదలైన రోజున ఆ గడ్డ "ముందే ఉన్న జబ్బు" అయిపోతుంది. అంతర్జాతీయ హెల్త్ ఇన్సూరెన్స్‌లో చేరాక బయటపడిన జబ్బు అయితే, సాధారణంగా పాలసీ షరతులకూ పరిమితికీ లోబడి చికిత్స ఖర్చు ఇస్తారు. ఏటా పొడిగించుకుంటూ ఉన్నంతకాలం ఆ జబ్బును పక్కన పెట్టకుండా కొనసాగిస్తారు.

పాలసీలను వేరు చేసే గీత ఇదే. బ్రోషర్‌లో "క్యాన్సర్ కవర్ అవుతుంది" అన్న ముక్క చదివి ఆగిపోవద్దు. కొనే ముందు బీమా సంస్థకు ఈమెయిల్‌లో ఈ రెండు ప్రశ్నలు రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి: "ఈ పాలసీ కాలంలో బయటపడిన జబ్బుకు తర్వాతి కాలంలో కూడా చికిత్స ఖర్చు ఇస్తారా? నేను క్లెయిమ్ చేశానన్న కారణంతో పాలసీ పొడిగించకపోవడానికి గానీ, నా ఒక్కరికే ప్రీమియం పెంచడానికి గానీ మీకు హక్కు ఉందా?" చాట్‌లో అమ్మకాల సిబ్బంది చెప్పే మాటలు క్లెయిమ్ రోజున ఎక్కడా దొరకవు, ఈమెయిల్ దొరుకుతుంది.

ట్రావెల్, నోమాడ్ ప్రాథమిక పాలసీలు పనికిరానివని నా ఉద్దేశం కాదు. స్వదేశంలో గట్టి ఆధారం ఉన్నవారికి అవి చక్కగా సరిపోతాయి. ఇంటికి వెళ్లిన మరుసటి రోజు నుంచే అక్కడి పాలసీయో ప్రభుత్వ ఆస్పత్రో చూసుకుంటుందనుకుంటే, విదేశంలో కావాల్సింది ఆ విమానం ఎక్కేదాకా ఆదుకునే పాలసీ మాత్రమే. ఇబ్బందల్లా స్వదేశంలో ఉన్నదాన్ని వదులుకుని ఈ చిన్న పాలసీ ఒక్కదాని మీద ఆధారపడినప్పుడే.

స్వదేశంలో ఉన్న హక్కు మీరు బయట ఉన్నంతకాలం అలాగే ఉంటుందన్న నమ్మకం కూడా వద్దు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచిత ఆస్పత్రి వైద్యం పౌరసత్వాన్ని బట్టి రాదు, అక్కడ మామూలుగా నివసిస్తున్నారా లేదా అన్నదాన్ని బట్టి వస్తుంది. కెనడాలోని ఒంటారియో ప్రభుత్వ బీమా నిలబడాలంటే సాధారణంగా ఏ 12 నెలల్లోనైనా 153 రోజులు ఆ రాష్ట్రంలో ఉండాలి. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్ దేశం దాటాక దాదాపుగా పనిచేయదు. యూరోపియన్ యూనియన్‌వాళ్ల ఆరోగ్య కార్డు సభ్య దేశాల్లో ప్రభుత్వ వైద్యం వరకు ఉపయోగపడుతుంది గానీ రోగిని ఇంటికి చేర్చే ఖర్చు ఇవ్వదు. మీ దేశంలో నిబంధన ఎలా ఉందో బయల్దేరక ముందే కనుక్కోండి. తిరిగి వెళ్లాక మళ్లీ హక్కు రావడానికి ఎన్ని నెలలు ఆగాలో కూడా అడగండి.

పాత జబ్బు ఉంటే

బీపీ, షుగర్, ఉబ్బసం, ఎప్పుడో చేయించుకున్న మోకాలి ఆపరేషన్, ఇవన్నీ ముందే ఉన్న జబ్బుల కిందికే వస్తాయి. అంతర్జాతీయ పాలసీలు వీటిని రెండు పద్ధతుల్లో చూస్తాయి. మొదటిదాంట్లో దరఖాస్తులోనే అన్నీ చెబుతారు. సంస్థ పరిశీలించి కొన్నింటిని ఒప్పుకుంటుంది, కొన్నింటికి అదనపు ప్రీమియం వేస్తుంది, కొన్నింటిని మినహాయిస్తుంది. ఏది ఉందో ఏది లేదో మొదటి రోజే కాగితం మీద ఉంటుంది. రెండోది మారటోరియం. చేరేటప్పుడు ఎక్కువ ప్రశ్నలుండవు. గత కొన్నేళ్లలో లక్షణాలున్న ఏ జబ్బునైనా మొదట పక్కన పెడతారు. సాధారణంగా రెండేళ్లపాటు దానికి లక్షణం గానీ మందు గానీ సలహా గానీ లేకుండా గడిస్తే అప్పుడు చేర్చుకుంటారు.

మారటోరియం సులువుగా కనిపిస్తుంది. రోజూ మాత్ర వేసుకునే షుగర్ రోగికి అది ఎప్పటికీ కలిసిరాదు, ఎందుకంటే మందు లేని రెండేళ్లు రావు. పైగా క్లెయిమ్ చేసిన ప్రతిసారీ పాత రికార్డులు తవ్వుతారు. పాత జబ్బు ఉన్నవారు మొదటి పద్ధతినే ఎంచుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. దరఖాస్తులో దేన్నీ దాచొద్దు. దాచిన విషయం క్లెయిమ్‌కు సంబంధం లేనిదైనా మొత్తం పాలసీనే రద్దు చేసే అవకాశం వాళ్లకు దొరుకుతుంది.

ఇలాంటివారికి ప్రభుత్వ వైద్య వ్యవస్థలు మేలైన దారి కావచ్చు. స్పెయిన్‌లో ఏడాది నివాసం పూర్తయినవారు, వేరే దారిలో ప్రభుత్వ వైద్యం దక్కకపోతే, కన్వేనియో ఎస్పెసియల్ అనే ఒప్పందం ద్వారా నెలకు డబ్బు కట్టి అందులో చేరొచ్చు. 65 ఏళ్లలోపు వారికి 60 యూరోలు, ఆపై వారికి 157 యూరోలు. పాత జబ్బులున్నాయని ఆపరు. మందుల దుకాణంలో కొనే మందులకు మాత్రం పూర్తి ధర కట్టాల్సిందే. తైవాన్‌లో నివాస అనుమతి ఉన్న విదేశీయులకు సాధారణంగా ఆరు నెలల నివాసం తర్వాత జాతీయ ఆరోగ్య బీమా వర్తిస్తుంది. పాత జబ్బు ఉన్న మనిషి దేశాన్ని ఎంచుకునేటప్పుడు ఇంటర్నెట్ వేగం, అద్దెలతో పాటు ఇలాంటి తలుపు ఎక్కడ తెరిచి ఉందో కూడా చూడాలి.

వీసా అడిగేది వేరు, ఒంటికి కావాల్సింది వేరు

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి, అది షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లాలి, అత్యవసర వైద్యంతో పాటు స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా అందులో ఉండాలి. జపాన్ 2024 మార్చి చివర్లో మొదలుపెట్టిన డిజిటల్ నోమాడ్ హోదాకు ఏడాదికి కోటి యెన్‌ల ఆదాయం, జబ్బు, గాయాల వైద్యానికి కనీసం కోటి యెన్‌ల బీమా అడుగుతారు. ఆరు నెలలే ఉండనిస్తారు, పొడిగింపు లేదు, నివాస కార్డు ఇవ్వరు కాబట్టి అక్కడి జాతీయ బీమాలో చేరే వీలూ లేదు. దక్షిణ కొరియా 2024 జనవరిలో తెచ్చిన వర్కేషన్ వీసాకు కనీసం 10 కోట్ల వోన్‌ల బీమా ఉండాలి. కోస్టారికాలో ఇలాంటి వీసాకు 50,000 డాలర్లు. స్పెయిన్‌లో ప్రైవేటు బీమా చూపించేవారికి ఆ దేశంలో వ్యాపారం చేయడానికి అనుమతి ఉన్న సంస్థ పాలసీ కావాలి. కో-పే (ప్రతి బిల్లులో కొంత రోగే కట్టాలన్న షరతు) ఉన్నవాటిని కాన్సులేట్లు తిప్పి పంపడం మామూలే.

ఈ అంకెలు చూసి కొందరు ధీమా పడతారు. వీసా అధికారి చూసేది తమ దేశానికి మీరు భారం కాకూడదని. 30,000 యూరోలు చిన్న ఆపరేషన్‌కు చాలు. తలకు దెబ్బ తగిలి ఐసీయూలో మూడు వారాలు ఉంటే చాలకపోవచ్చు. వీసా కోసం అడిగినంత తీసుకుని, మీ అవసరానికి వేరే లెక్క వేసుకోండి. కొన్నిసార్లు రెండు పాలసీలు ఉండటమే సరైన దారి: వీసాకు ఆ దేశపు చవక పాలసీ ఒకటి, అసలు రక్షణకు అంతర్జాతీయ పాలసీ ఒకటి.

బ్రిటన్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆరు నెలలకు మించిన చాలా వీసాలకు దరఖాస్తుతోపాటే ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి కడతారు, దాంతో ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవచ్చు. విజిటర్ వీసా మీద వెళ్లినవారికి ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకు ఉచితం. వార్డులో చేర్చారంటే ఒప్పందాలున్న దేశాలవారు కానివాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ జాతీయ ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం ఎవరినైనా చూసి ప్రాణాపాయం లేకుండా చేయాలి. డబ్బు లేదని వెనక్కి పంపకూడదు, కానీ బిల్లు తర్వాత వస్తుంది.

ఆస్పత్రి కౌంటర్ దగ్గర

పాలసీ ఎంత మంచిదైనా దాని పరీక్ష ఆస్పత్రి కౌంటర్ దగ్గరే. విదేశీయులు ఎక్కువగా వెళ్లే ప్రైవేటు ఆస్పత్రుల్లో చేర్చుకునే ముందు పాస్‌పోర్ట్ అడుగుతారు, తర్వాత రెండింట్లో ఒకటి అడుగుతారు: కార్డు మీద డిపాజిట్, లేదా బిల్లు తామే కడతామని బీమా సంస్థ ఇచ్చే గ్యారంటీ ఆఫ్ పేమెంట్ లెటర్. ఆ లెటర్ వస్తే క్యాష్‌లెస్. రాకపోతే ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాలి. బ్రోషర్‌లో "నేరుగా చెల్లిస్తాం" అని ఉన్నా, చాలా సంస్థలు ఆస్పత్రిలో చేరినప్పుడే ఆ పని చేస్తాయి. ఓపీ ఖర్చులు మాత్రం మీరు కట్టి బిల్లులు పంపాల్సిందే.

అందుకే 24 గంటల సహాయ కేంద్రం నంబరు ఫోన్‌లో ఉండాలి, కాగితం మీద కూడా రాసి పర్సులో ఉండాలి. ప్రాణాపాయం లేని ఏ చికిత్సకైనా చేరడానికి ముందే ఫోన్ చేయాలి. ముందస్తు అనుమతి లేకుండా చేరితే కొన్ని పాలసీలు చెల్లించే శాతాన్ని తగ్గిస్తాయి. ప్రాణం మీదికొస్తే ముందు ఆ దేశపు అత్యవసర నంబరుకే: యూరప్‌లో 112, జపాన్‌లో 119, థాయ్‌లాండ్‌లో వైద్య సాయానికి 1669.

డిశ్చార్జి రోజున తొందరపడి బయటికి రావద్దు. క్లెయిమ్‌కు కావాల్సినవి అప్పుడే తీసుకోవాలి: జబ్బు పేరుతో డిశ్చార్జి సమ్మరీ, ఏ పనికి ఎంతో విడివిడిగా రాసిన బిల్లు, డబ్బు కట్టినట్టు ముద్ర ఉన్న రసీదు, మందుల చీటీ. కార్డు స్వైప్ చేసిన చీటీ ఒక్కటే చూపిస్తే సరిపోదు. దేశం మారిపోయాక ఆ ఆస్పత్రి నుంచి ఒక్క కాగితం తెప్పించుకోవడం ఎంత కష్టమో ఆ పని పడ్డవారికి తెలుసు.

మినహాయింపుల పేజీలో నేను ముందు చూసేవి

స్కూటర్. ఆగ్నేయాసియాలో తిరిగేవారు ఆస్పత్రి పాలవడానికి ఒక పెద్ద కారణం ద్విచక్ర వాహనాలు. పాలసీలో సాధారణంగా మూడు షరతులుంటాయి: హెల్మెట్, మద్యం తాగి ఉండకపోవడం, ఆ దేశంలో ఆ వాహనానికి చెల్లే లైసెన్సు. మూడోది చాలామందిని ముంచుతుంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో కార్లకు 'బీ' (B), మోటార్‌సైకిళ్లకు 'ఏ' (A) అని వేర్వేరు విభాగాలుంటాయి. బీ దగ్గర మాత్రమే ముద్ర ఉన్న పర్మిట్‌తో స్కూటర్ నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. అద్దెకిచ్చేవాడు లైసెన్సు అడగలేదంటే బీమా సంస్థ కూడా అడగదని కాదు. 'ఏ' (A) విభాగం ముద్ర లేనివారికి నా సలహా: స్కూటర్ తాకవద్దు, ట్యాక్సీ ఎక్కండి.

కుక్కకాటు. రేబిస్ ఉన్న దేశంలో కుక్క గానీ కోతి గానీ కరిస్తే గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే టీకా వేయించుకోవాలి. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే పనిచేసే యాంటీబాడీల సూది) కూడా ఇవ్వాలి. చిన్న ఊళ్లలో, దీవుల్లో అది దొరక్కపోవచ్చు, దాని కోసం పెద్ద నగరానికి వెళ్లాల్సి రావచ్చు. టీకా డోసులు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు సాగుతాయి కాబట్టి ఈలోగా దేశం మారితే మిగతావి అక్కడ వేయించుకోవాలి. తేదీలు రాసిన కార్డు భద్రంగా ఉంచుకోండి. కరవక ముందే వేసే టీకా వారం తేడాతో రెండు డోసులు. అవి వేయించుకున్నవారికి కరిచాక ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు, రెండు బూస్టర్లు చాలు. ముందస్తు టీకా ఖర్చు చాలా పాలసీలు ఇవ్వవు. అయినా ఊళ్లు తిరిగేవారు సొంత డబ్బుతో వేయించుకోవాల్సిన టీకా ఇది.

ఎవాక్యుయేషన్ అనే మాటను జాగ్రత్తగా చదవాలి. చాలా పాలసీల్లో దాని అర్థం తగిన వైద్యం ఉన్న దగ్గరి ఆస్పత్రికి చేర్చడం. అవసరమా కాదా అన్నది సంస్థ డాక్టర్లు నిర్ణయిస్తారు. ఇంటికి చేర్చడం వేరే అంశం, దానికి వేరే పరిమితి ఉండొచ్చు. ఖండాలు దాటే ఎయిర్ అంబులెన్స్ ఖర్చు లక్ష డాలర్లు దాటొచ్చు కాబట్టి ఈ పరిమితి చిన్నదైతే ఆ పాలసీ వద్దు. పర్వతాలెక్కేవారు ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో, సముద్రంలో డైవింగ్ చేసేవారు ఎంత లోతు వరకో చూసుకోవాలి. మరణిస్తే భౌతికకాయాన్ని స్వదేశం చేర్చే ఖర్చు కూడా పాలసీలో ఉండాలి. లేదంటే ఆ భారం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

స్వదేశానికి వెళ్లొచ్చే రోజులు మరోటి. నోమాడ్ పాలసీల్లో స్వదేశంలో ఉన్నప్పుడు వర్తించేది కొద్ది రోజులే, అదీ షరతులతో. సెలవులకు ఇంటికి వెళ్లి నెలల తరబడి ఉండిపోయేవారికి అక్కడ వేరే రక్షణ ఉండాలి.

ప్రసూతికి చాలా అంతర్జాతీయ పాలసీల్లో 10 నుంచి 12 నెలలు ఆగాలి, చవక పథకాల్లో ప్రసూతి ఉండదు. పిల్లల గురించి ఆలోచిస్తున్నవారు గర్భం రాకముందే పాలసీలో చేరి ఉండాలి, తర్వాత చేస్తే ఉపయోగం లేదు. మానసిక ఆరోగ్యం సంగతీ అడగండి. ఆస్పత్రిలో చేరితేనే ఇస్తారా, మామూలు కౌన్సెలింగ్‌కు కూడా ఇస్తారా అన్నది తేడా. తోడెవరూ లేకుండా కొత్త చోట్ల నెలలు గడిపేవారికి ఇది చిన్న విషయం కాదు.

ప్రీమియం ఎక్కడ తగ్గించుకోవాలి

డబ్బు తగ్గించుకోవాలంటే డిడక్టిబుల్ పెంచుకోండి, పరిమితి తగ్గించుకోకండి. డిడక్టిబుల్ అంటే ముందు మీరు భరించే మొత్తం. దాన్ని వెయ్యి, రెండు వేల డాలర్లకు పెంచితే ప్రీమియం బాగా దిగుతుంది. జ్వరానికీ పంటి నొప్పికీ సొంత డబ్బు కట్టుకోవచ్చు. చాలా దేశాల్లో డాక్టరును చూడటం భరించగల ఖర్చే. రెండు లక్షల డాలర్ల బిల్లు భరించలేం, బీమా ఉన్నది దాని కోసం. ఓపీ విభాగం చేర్చుకోవడం కంటే ఆ డబ్బుతో పరిమితి పెంచుకోవడమే లాభం. అయితే డిడక్టిబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి జబ్బుకూ వేరువేరుగానా అన్నది చూడాలి. ప్రతి జబ్బుకూ అయితే ఏడాదిలో మూడుసార్లు పడొచ్చు. డిడక్టిబుల్ మొత్తానికి సరిపడా డబ్బు, డిపాజిట్ కట్టగల క్రెడిట్ కార్డు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆ రెండూ లేకుండా డిడక్టిబుల్ పెంచుకోవద్దు.

కవరేజీ ప్రాంతం నుంచి అమెరికాను తీసేస్తే ప్రీమియం గణనీయంగా తగ్గుతుంది. ఎప్పుడైనా అక్కడికి వెళ్తే ఆ కొద్ది రోజులకు వేరే ట్రావెల్ పాలసీ తీసుకోవచ్చు. కొన్ని అంతర్జాతీయ పాలసీలే ఏడాదిలో కొన్ని వారాలు అమెరికాలో అత్యవసర వైద్యం ఇస్తాయి.

మందులు

బీమాతో పనిలేకుండా ఇబ్బంది పెట్టేవి మందులు. డాక్టరు చీటీని బ్రాండ్ పేరుతో కాకుండా జనరిక్ పేరుతో రాయించుకోండి. అయినా కొన్ని పేర్లు మారతాయి: పారాసిటమాల్‌ను అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్. ఏకాగ్రత నిలవని సమస్య అయిన ఏడీహెచ్‌డీకి వాడే యాంఫెటమిన్ మందులు జపాన్‌లోకి అసలు తీసుకెళ్లకూడదు, చీటీ ఉన్నా సరే. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే అదీ నిషేధమే. డాక్టరు చీటీ మీద వాడే మామూలు మందులైనా నెలకు మించి తీసుకెళ్తే ముందుగా అనుమతి పత్రం కావాలి. యూఏఈలో కోడీన్, ట్రమడాల్ లాంటివాటికి ముందస్తు అనుమతి తీసుకోవాలి. నిద్రమాత్రలు, నొప్పి మందులు, మానసిక చికిత్స మందులు వాడేవారు టికెట్ కొనే ముందే ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని అడగడం మేలు.

ఎవరికి ఏది

ముప్ఫైలలో ఉండి, పాత జబ్బుల్లేక, స్వదేశంలో పాలసీ నడుస్తూ, పెద్ద జబ్బొస్తే ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నవారికి నోమాడ్ ప్రాథమిక పాలసీ చాలు. డబ్బు దండగ చేసుకోనక్కర్లేదు. స్వదేశపు పాలసీని మాత్రం వదలొద్దు. అక్కడ ఏళ్ల తరబడి గడిపిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు పాలసీ వర్తించడానికి ఆగాల్సిన కాలం) అంతా పాలసీ ఆగిన రోజుతో పోతుంది.

స్వదేశంలో ఆధారం లేనివారు, లేదా అక్కడికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేనివారు అంతర్జాతీయ హెల్త్ ఇన్సూరెన్స్‌కే వెళ్లాలి, అదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే. పెద్ద జబ్బు బయటపడ్డాక ఈ పాలసీలు దొరకకపోవచ్చు, దొరికినా ఆ జబ్బును మినహాయించొచ్చు. అరవై దాటాక కొన్ని సంస్థలు కొత్తవారిని తీసుకోవు, కానీ ముందే చేరి ఉన్నవారిని కొనసాగిస్తాయి. నలభైలలో ఉన్నవారు ప్రీమియం ఎక్కువని వాయిదా వేసే ముందు దీన్ని గమనించాలి.

ఒకే దేశంలో ఏడాదికి మించి ఉండబోయేవారు నివాస అనుమతి తీసుకుని అక్కడి వ్యవస్థలో చేరడం, బయటి ప్రయాణాలకు చిన్న ట్రావెల్ పాలసీ పెట్టుకోవడం చాలా సందర్భాల్లో చవకైన, గట్టి ఏర్పాటు. భాష, క్యూలు కొంత ఇబ్బంది పెడతాయి. దీర్ఘకాల జబ్బు ఉన్నవారికి ఆ ఇబ్బంది పడదగినదే.

ఒక పాలసీ నుంచి మరోదానికి మారేవారు కొత్తది మొదలైందని ధ్రువపత్రం చేతికొచ్చి, మినహాయింపుల జాబితా చదివి, వెయిటింగ్ పీరియడ్ ఎప్పటి నుంచి లెక్కో తెలుసుకున్నాకే పాతది ఆపండి. ఒక నెల రెండు ప్రీమియంలు కట్టాల్సి వచ్చినా ఫర్వాలేదు.